తెల్లమూత సీసాలో హుక్కులు

సీసా నిండా హుక్కులున్నాయి.

అతను మూత తీసి చూశాడు. మూత పెట్టాడు. మళ్ళీ తీసి చూశాడు. స్కూలు స్కర్టుల నడుముకు కుట్టే హుక్కులు. కుట్టుమిషను బల్ల మీద, దారపు రీళ్ళ వరసలో, ఎప్పట్నుంచో తన చోటు అదే అన్నట్టు కూర్చుంది సీసా. తెల్ల మూత. దాని మీద అతను తన చేత్తో రాసి అంటించిన చీటీ చెక్కుచెదరలేదు: 'మొదటి నెల. రాత్రికి ఒకటి.'

"అక్కా, ఇందులోవి ఏవీ?"

అక్క మిషను ఆపలేదు. "ఏవి?"

"క్యాప్సూల్స్."

"ఎక్కడికి పోతాయ్. నీలంమూత దాంట్లో ఉన్నాయ్."

"నీలంమూత దాంట్లో నీలంమూతవి ఉంటాయి. తెల్లమూతవి ఎక్కడున్నాయని అడుగుతున్నా."

"అవీ అందులోనే." కుట్టు చివరకు వచ్చింది. దారం కొరికి, గుడ్డ విదిలించి, అప్పుడు తల తిప్పింది. "ఏవో ఒకటి రెండు మిగిలాయి కదరా. ఒకటి రెండింటికి ఇంత సీసానా? హుక్కుల కవరు చినిగి ఇల్లంతా పడ్డాయి. నీ పెళ్ళాం కాల్లో ఒకటి దిగింది కూడా. అడుగు."

భోజనాల బల్ల దగ్గర తొమ్మిదో క్లాసు లెక్కల పేపర్లు దిద్దుతున్న భార్య తల ఎత్తకుండానే "దిగింది" అంది.

"రెండూ కలిపేశావా?"

"కలపడానికి అవేమన్నా పప్పూ బియ్యమా? ఒకటే రకం కదా. రంగు ఒకటే, సైజు ఒకటే. పట్టి పట్టి చూశాను కూడా."

అతను పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు. స్టూలు మీద కత్తిరించిన స్కర్టు ముక్కలున్నాయి.

"లే. నలుగుతాయి," అంది అక్క.

లేచాడు.

ఒకటే రకంగా కనపడాలనే ఏడు వారాల కింద అంత తంటాలు పడింది. ఒక సీసాలో కొత్త మాత్ర. దానికి ఆమోదం వచ్చి ఏడు నెలలైంది. రెండో సీసాలో పాత మాత్ర. ముప్పై ఏళ్ళుగా ఏ మందుల షాపులో అడిగినా ఇస్తారు. రెండూ ఒంటి తలనొప్పి రాకుండా ముందే వేసుకునేవి. నాలుగు వారాలు తెల్లమూత, నాలుగు వారాలు నీలంమూత. ఏ మూత కింద ఏ మందుందో అక్కకు తెలియకూడదు, అతనికీ తెలియకూడదు. తలనొప్పి డాక్టరు రెండింటికీ చీటీ రాశాడు. ఆసుపత్రి మందుల గదిలో అందరూ క్యాప్సూల్ బాబాయ్ అని పిలిచే పెద్దాయన ఆ మాత్రలను ఒకే రకం క్యాప్సూల్ గొట్టాల్లో పెట్టి, ఏది ఏదో కాగితం మీద రాసి, కవరులో అంటించి తన సొరుగులో దాచాడు. నొప్పి వచ్చిన రోజు అక్క డైరీలో ఆ రోజు గడి నింపుతుంది. రాని రోజు ఖాళీగా వదిలేస్తుంది. ఎనిమిది వారాలూ అయ్యాక కవరు తెరవాలి. ఇలా చేద్దామా అని అడిగింది అతను. సరే అన్నది అక్క.

తెల్లమూత నెలలో తొమ్మిది గడులు నిండాయి. నీలంమూత మొదలుపెట్టి ఇరవై ఒక్క రోజులు. మూడే గడులు.

ఇంకా వారం ఉంది. కానీ కమిటీ రేపే.

ఆసుపత్రిలో అతని పని కాగితాలు చదవడం. కొత్తగా ఆమోదం వచ్చిన ప్రతి మందునూ ఎవరి మీద పరీక్షించారు, దేనితో పోల్చారు, ఎన్నాళ్ళు చూశారు అని వెతికి, ఆసుపత్రి జాబితాలో చేర్చాలో వద్దో మందుల కమిటీకి రాసిస్తాడు. చాలా రిపోర్టుల చివర ఒకటే మాట ఉంటుంది: ఆగండి. అందుకని అతన్ని వెనకాల ఆగండిగారు అంటారు. ముందర కూడా అంటారు.

ఈ కొత్త మాత్ర మీద కమిటీ ఇంకో పది రోజులకు కూర్చోవాల్సింది. పెద్ద డాక్టరుకు ప్రయాణం పడి రేపు ఉదయం పదింటికి జరిపారు. జాబితాలో చేరితే మాత్రను కౌంటర్లో ఊరికే ఇస్తారు. చేరకపోతే బయట కొనుక్కోవాలి. నెల మందు ఖరీదు అక్క నెలంతా మిషను తొక్కితే వచ్చేదాంట్లో సగం. ఒక నెలకు అతను కొన్నాడు. రెండో నెలకు కొంటానంటే అక్క కొననివ్వదు.

"ఆ నీలం సీసా ఇలా ఇవ్వు."

"ఎందుకు?"

"లెక్కపెట్టాలి."

"ఎన్నుంటే ఏం? రేపు నువ్వు ఎలాగూ వద్దనే రాస్తావు."

"ఏం రాస్తానో నాకే తెలీదు."

"నీకు తెలీదేమో గానీ నాకు తెలుసు. పదిహేనేళ్ళుగా ఆగండనే రాస్తున్నావు. పెళ్ళికి కూడా ఆగండనే అన్నావు."

భార్య ఎర్ర పెన్ను కింద పెట్టింది. "ఈ సంగతి నాకెవరూ చెప్పలేదే."

"రెండేళ్ళు ఆపాడమ్మాయ్. నిన్ను దేనితో పోల్చాలో తేలక."

"ఎవరితో పోల్చారట?"

"పోల్చడానికి ఎవరూ దొరక్కే నిన్ను చేసుకున్నాడు."

అతను నవ్వలేదు. వంటింట్లోంచి ఒక స్టీలు పళ్ళెం, ఒక చాకు తెచ్చాడు. నీలంమూత సీసాను పళ్ళెంలోకి ఒంపి, చాకు అంచుతో ఐదేసి చొప్పున పక్కకు జరిపాడు. మందుల గదిలో ఉద్యోగంలో చేరిన మొదటి వారం నేర్పిన పద్ధతి అది. వేలితో ముట్టుకోకూడదు. ఒకటొకటిగా లెక్కపెట్టకూడదు.

ఐదు. పది. పదిహేను. ఇరవై.

అన్నీ కలిపి మళ్ళీ లెక్కపెట్టాడు. ఇరవై.

"ఎన్నుండాలి?" అని భార్య అడిగింది.

"పదకొండు. ఒక్కో సీసాలో ముప్పై పోశారు. తెల్లదాంట్లో ఇరవై ఎనిమిది పోతే రెండు. నీలందాంట్లో ఇరవై ఒకటి పోతే తొమ్మిది."

"తొమ్మిది ఎక్కువున్నాయి. అంటే తొమ్మిది రాత్రులు వేసుకోలేదు."

ఇద్దరూ అక్క వైపు చూశారు. అక్క సూదిలో దారం ఎక్కిస్తోంది. మొదటిసారికే ఎక్కింది. అయినా తీసి మళ్ళీ ఎక్కించింది.

"అక్కా."

"ఊఁ."

"ఏ నెల్లో మానేశావు?"

మిషను మొదలైంది. ఒక నడుం పట్టీ మొత్తం అయిపోయింది. ఇంకోటి సగం అయింది.

"మొదటి నెల్లో," అంది.

"మొదటి నెల్లో ఎప్పుడు?"

"నొప్పొచ్చిన రోజుల్లో. రానే వచ్చేశాక ఇంక రాకుండా ఉండే మందెందుకు? పైగా వాంతులు. మంచినీళ్ళే నిలవవు, నీ గొట్టం నిలుస్తుందా?"

నొప్పి వచ్చిన రోజులు తొమ్మిది. వేసుకోని రాత్రులు తొమ్మిది. లెక్క సరిపోయింది. సరిపోయిందన్న ఊరట పళ్ళెంలోవి సీసాలో పోసేంతసేపు కూడా నిలవలేదు.

"నొప్పున్నా లేకపోయినా రోజూ వేసుకోవాలని చెప్పాను కదా."

"చెప్పావు. చిన్నప్పుడు రోజూ స్కూలుకెళ్ళమని నేనూ చెప్పాను."

అతను గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

రిపోర్టు పన్నెండు పేజీలు. పదకొండు పేజీలకు అక్కతో పని లేదు. కొత్త మాత్ర మీద రెండు పరీక్షలు జరిగాయి. రెండింట్లోనూ దాన్ని ఉత్త మాత్రతో పోల్చారు. పాత మాత్రతో పోల్చలేదు. మందు లేని ఉత్త మాత్ర వేసుకున్నవాళ్ళకు కూడా నెలకు నాలుగు రోజుల నొప్పి తగ్గింది. కొత్త మాత్ర వేసుకున్నవాళ్ళకు ఆరు రోజులు తగ్గింది. తేడా రెండు రోజులు. గుండెజబ్బున్నవాళ్ళను, అరవై ఐదు దాటినవాళ్ళను చేర్చుకోలేదు. ఆరు నెలల తర్వాత ఎవరికేమైందో చూడలేదు. ఇదంతా అతను నెల కిందటే రాసేశాడు.

పన్నెండో పేజీలో చివరి పేరా ఉంది. మొదట అందులో 'ఆగండి' అని రాశాడు. నీలంమూత రెండో వారంలో డైరీ గడులు వరసగా ఖాళీగా కనపడ్డాక దాన్ని కొట్టేసి, 'పాత మందు పడనివారికి పరిమితంగా ఇవ్వవచ్చు' అని మార్చాడు. ఒక్క మనిషికి తగ్గితే అది లెక్కలోకి రాదని కొత్తగా చేరినవాళ్ళకు పాఠం చెప్పేది అతనే. నీలంమూత కింద ఉన్నది కొత్త మాత్రేనని అతనికెవరూ చెప్పలేదు కూడా. తనే అనుకున్నాడు.

ఇప్పుడు తెల్లమూత నెలలో తొమ్మిది రాత్రులు మందే లేదంటోంది. నొప్పి వచ్చింది కాబట్టి మాత్ర మానేసిందా? మాత్ర మానేసింది కాబట్టి నొప్పి వచ్చిందా? మొదటిదైతే తెల్లమూత మందు పనిచేయనట్టు. రెండోదైతే తెల్లమూతదే మంచి మందేమో, ఎవరికి తెలుసు. ఒక కాగితం మీద రెండు బాణాలు గీశాడు, అటొకటి ఇటొకటి. చూస్తూ కూర్చున్నాడు. 'ఇవ్వవచ్చు' కొట్టేశాడు. 'ఆగండి' రాశాడు. దాన్నీ కొట్టేశాడు.

ఫోన్ తీసి ఆసుపత్రి మందుల గదికి చేశాడు. ఆదివారం డ్యూటీ బాబాయ్‌ది.

"బాబాయ్, సీసాలు కలిసిపోయాయి."

"ఎవరు కలిపారు?"

"అక్క. హుక్కులు పోసుకోడానికి సీసా కావాల్సొచ్చిందట."

"హుక్కులు నయం. మా ఆవిడైతే ఉప్పు పోసేది."

"క్యాప్సూల్ విప్పి చూస్తే ఏ మాత్రో తెలిసిపోతుందా?"

"తెలిసిపోతుంది. ఒకటి గుండ్రం, ఒకటి పొడుగు. విప్పుతావా?"

"విప్పను."

"మరెందుకు అడిగావు?"

అతను బాణాలు గీసిన కాగితాన్ని బోర్లించాడు.

"కవరు చించమంటావా? తాళంచెవి జేబులోనే ఉంది."

"వద్దు బాబాయ్. రేపు కమిటీ అయ్యేదాకా వద్దు. ముందే తెలిస్తే నా రాత మారుతుంది."

"ఇప్పుడు మారట్లేదా?" అన్నాడు బాబాయ్. "ఉంటాను. ఇక్కడ మనుషులు లైన్లో ఉన్నారు."

ఫోన్ పెట్టేసరికి భార్య గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో దిద్దిన పేపరు ఒకటుంది. దాని మీద ఎర్ర సున్నా.

"ఒక్క మాట అడుగుతాను. కోప్పడకండి."

"అడుగు."

"తెల్ల సీసా నెల అయిపోయిన రోజున మిగిలినవి లెక్కపెట్టలేదా మీరు? బల్బు మారిస్తే తేదీ రాసుకునే మనిషి."

"పెట్టాను," అన్నాడు.

అన్నాక తనేమన్నాడో తనకు వినపడింది.

సొరుగు లాగాడు. నోటుబుక్కు పైనే ఉంది. ఇరవై ఎనిమిదో రోజు పేజీ తీశాడు. తన చేతిరాతే. 'తెల్లమూత. మిగిలినవి 2. సరిపోయింది.' కింద తన సంతకం, తేదీ, టైము.

భార్య అతని భుజం మీంచి చదివింది. "రెండే ఉన్నాయిగా. అయితే ఆ తొమ్మిదీ మొదటి నెలవి కావు."

"కావు."

"నీలందాంట్లోవి."

"ఊఁ."

"అంటే నొప్పి తగ్గిన నెల్లో మాత్రలు మానేశారు వదిన."

అతను నోటుబుక్కు మూశాడు. మళ్ళీ తెరిచి ఆ 2 అంకెను చూశాడు. అది రెండే. వంద రిపోర్టుల్లో మనుషులు మాత్రలు మానేసే సంగతి గురించి రాశాడు. ఎంతమంది మానేశారు, ఏ వారంలో మానేశారు, ఎందుకు మానేశామన్నారు. పరీక్షలో ఉన్నవాళ్ళు అబద్ధం చెబుతారని రాశాడు. తన ఇంట్లో అడిగితే నిజం చెబుతారనుకున్నాడు.

"అబద్ధమెందుకు చెప్పింది?"

"లెక్క ఎక్కడ తప్పిందో నేను చెప్పగలను. ఎందుకు తప్పిందో ఆవిడే చెప్పాలి. మెల్లగా అడగండి. స్కర్టుల మీద కూర్చోకండి."

నాలుగు కావస్తోంది. కిటికీలోంచి ఎండ మిషను మీద పడుతోంది. అక్క మిషను వదిలి, కొత్త కళ్ళజోడు పెట్టుకుని, చేత్తో హుక్కులు కుడుతోంది. పక్కన అయిపోయిన స్కర్టులు మడతలు పెట్టి ఉన్నాయి. స్కూళ్ళు తెరవడానికి రెండు వారాలుంది. ఆర్డరు నూట ఎనభై. అయినవి తొంభై నాలుగు.

"అక్కా, తెల్ల సీసాలో రెండే మిగిలాయి. ఆ రోజు నేను లెక్కపెట్టాను. నీ ముందే."

సూది లోపలికి వెళ్ళి బయటికి వచ్చింది. "పెట్టావు. నాకు గుర్తుంది."

"మరి ఇందాక అలా చెప్పావు?"

"నీకు గుర్తులేదనుకున్నా."

"నీలం సీసాలోవి మానేశావు."

"ఊఁ."

"ఎప్పట్నుంచి?"

"తొమ్మిది రోజుల్నుంచి. నువ్వేగా లెక్కపెట్టింది."

"ఎందుకు?"

అక్క హుక్కు కుట్టడం పూర్తిచేసింది. ముడి వేసింది. దారం తెంపింది. ఇంకో హుక్కు తీసుకోడానికి తెల్లమూత సీసా ఒంపి, హుక్కు అరచేతిలోనే ఉంచుకుంది.

"దాచుకున్నాను."

భార్య బల్ల దగ్గరి కుర్చీ చప్పుడు కాకుండా జరుపుకుని కూర్చుంది.

"పన్నెండు రాత్రులు వేసుకున్నా. నొప్పి ఆగిపోయింది. ఇదేరా ఆ కొత్త మందు అనుకున్నా. నువ్వు రేపో మాపో ఆగండని రాస్తావు. రాశాక ఇంక దొరకదు. ఒంట్లో బాగున్న రోజుల్లో మింగి పాడుచేసుకోవడమెందుకు, స్కూళ్ళు తెరిచే వారానికి ఉంచుకుందామనుకున్నా. ఆ వారంలో ఒక్క రోజు పడుకున్నానా, వచ్చే ఏడు ఆర్డరు ఇంకొకళ్ళకి పోతుంది."

"చివరి రోజు నేను లెక్కపెడతాను కదా."

"నీ రెండు నీకు చూపించేదాన్ని."

భార్య నవ్వబోయి ఆపుకుంది.

"నన్నడగొచ్చు కదక్కా. నేను కొనేవాణ్ణి."

"కొంటావనే అడగలేదు."

ఆ మిషను చప్పుడు వింటూనే, దాని సంపాదనతోనే అతను ఫార్మసీ చదివాడు.

"అయితే తొమ్మిది రోజులుగా నీ ఒంట్లోకి ఏ మందూ వెళ్ళలేదు."

"లేదు."

"తొమ్మిది రోజులుగా నొప్పి కూడా రాలేదు."

"రాలేదు." ఈసారి అక్క కళ్ళజోడు తీసింది. "అదే నేను నిన్నడగాలనుకుంటున్నా. అడిగితే దాచిన సంగతి బయటపడుతుందని ఊరుకున్నా. ఎందుకు రాలేదురా?"

"ముందు వేసుకున్న పన్నెండింటి బలం ఇంకా ఉండొచ్చు."

"ఊఁ."

"దానంతటదే తగ్గుండొచ్చు. నీ పాత డైరీల్లో చూశాను, ఏటా ఈ నెలల్లో నీకు కాస్త తెరిపిగానే ఉంటుంది."

"ఊఁ."

"కళ్ళజోడు మార్చినందువల్ల కావచ్చు. ఈ సీసాలోది పనిచేస్తుందని నువ్వు గట్టిగా అనుకున్నందువల్ల కావచ్చు."

"ఇన్ని కావచ్చులేంట్రా? ఇన్నేళ్ళు చదివి?"

"చదివినందుకే ఇన్ని తెలిశాయి. చదవకపోతే ఒకటే తెలిసేది."

"ఆ ఒకటే చెప్పు."

"చెప్పలేను."

వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేస్తున్నారు. మూడుసార్లు తన్నాక అందుకుంది.

"ఏమండీ, కవరు తెరిపించండి," అంది భార్య. "రేపు మీరేం రాసినా సరే, వదిన ఏది వేసుకున్నారో ముందు తేలనివ్వండి. ఈ గుంజాటన ఎన్నాళ్ళు?"

"వద్దు."

అది అతను అనాల్సిన మాట. అక్క అంది. అక్క గొంతు పెరగడం ఆ మధ్యాహ్నం అదే మొదటిసారి.

"ఎందుకు వదినా?"

"ఆ నీలంది పాత మందైతే?"

"అయితే మంచిదే కదా," అన్నాడతను. "కౌంటర్లో ఇస్తారు. ఎప్పుడు కావాలంటే అప్పుడు. నా రిపోర్టుతో పనే లేదు."

"మంచిదే." హుక్కును సీసాలో తిరిగి పడేసింది. "పన్నెండేళ్ళ కింద డాక్టరు నాకు అదే రాశాడు. వారం వేసుకుని మానేశాను. గుర్తుందా? మిషను మీద కునుకొస్తోందని. సూది వేల్లో దిగిందని. నువ్వు ఇంకో మూడు వారాలు ఓపిక పట్టక్కా, పనిచేయడానికి టైము పడుతుంది అన్నావు. నేను వినలేదు. అది పనికిరాని మందని అందరికీ చెప్పాను. నీకూ చెప్పాను, డాక్టరుకూ చెప్పాను, బట్టలు కుట్టించుకోడానికొచ్చిన వాళ్ళకి కూడా చెప్పాను." భార్య వైపు తిరిగింది. "నెలకు తొమ్మిది రోజులు. పన్నెండేళ్ళు. ఎన్నిరోజులు పడుకున్నట్టు లెక్కల టీచరూ?"

భార్యకు ఆ లెక్క అడిగినంతలోనే వచ్చి ఉంటుంది. చెప్పలేదు.

"నాకు కొత్తదే కావాలి," అంది అక్క. "పాతదైతే ఆ రోజులన్నీ నా చేత్తో నేనే పారేసుకున్నట్టు."

అతను కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాడు. తను ఏది కోరుకోవాలో వెతుక్కున్నాడు. నీలంమూత కింద కొత్త మందుంటే, పదకొండు పేజీలూ ఆగమంటున్న దాన్ని అక్క కోసం చేర్చమని రాయాలి. లేదా ఆగమని రాసి అక్క దగ్గర్నుంచి లాక్కోవాలి. పాత మందుంటే అక్కకు రేపట్నుంచి మందు దొరుకుతుంది, పన్నెండేళ్ళు పోతాయి. నొప్పిని ఆపింది ఏ మందూ కాకపోతే, అక్క నమ్మిన పన్నెండు రాత్రులూ, అతను కొట్టేసి రాసిన పేరాలూ ఉత్తవి. మూడింట్లో ఒకటి ఇప్పటికే నిజం. బాబాయ్ సొరుగులో కాగితం మీద సగం రాసుంది. మిగతా సగం ఏ కాగితం మీదా లేదు.

"నువ్వు రేపు ఏం రాయాలో అది రాయి," అంది అక్క. "నన్ను చూసి రాయకు. నా దగ్గర ఇరవై ఉన్నాయి."

"అందులో రెండు వేరే మందు."

"పద్దెనిమిది ఉన్నాయి."

"ఆ పద్దెనిమిది అక్కర్లేదేమో కూడా తెలీదు."

"అది కూడా రాయి. తెలీదని రాయడానికి నీ కాగితంలో చోటుందా?"

"ఉంది. దాన్నే ఆగండి అంటారు."

అక్క అతని వైపు చూసింది. చెయ్యెత్తి కళ్ళకు అడ్డం పెట్టుకుంది.

"ఆ తెర వేయమ్మాయ్."

భార్య లేవలేదు. అతని వైపు చూసింది. నొప్పి మొదలయ్యే రోజుల్లో అక్క మొదట అడిగేది తెర. తర్వాత అందర్నీ మెల్లగా మాట్లాడమంటుంది. తర్వాత గదిలోకి వెళ్ళిపోతుంది.

"నొప్పా అక్కా?"

"ఎండ."

"ఎండా, నొప్పా?"

"మెల్లగా మాట్లాడరా. పక్కనే ఉన్నానుగా."

భార్య లేచి తెర వేసింది. గదిలో గోడలు కనపడేంత వెలుతురు మిగిలింది. అక్క మిషను కింది సొరుగు లాగి డైరీ తీసింది. ఈ రోజు పేజీ తెరిచి, చిన్నపిల్లలు పలక దాచుకున్నట్టు ఎడమచెయ్యి అడ్డం పెట్టుకుని వంగింది. కుడిచేతిలో పెన్ను ఉంది. పెన్ను కదిలిందో లేదో, కాగితానికి తగిలిందో లేదో అతను నిలబడ్డ చోటినుంచి తెలియలేదు.

డైరీ మూసి భార్య చేతికిచ్చింది.

"రేపు వీడు రాసి, వాళ్ళకిచ్చి, ఇంటికి వచ్చాక చూపించు. ఈలోగా చూపించావంటే నీతో మాట్లాడను."

"ఇదేంటక్కా?"

"ముందే తెలిస్తే రాత మారుతుందని ఇందాక ఫోన్లో ఎవరితోనో అంటున్నావు. ఈ ఇంట్లో తలుపులు పల్చన." నడుం మీద చెయ్యి పెట్టుకుని లేచింది. "కాసేపు వాలతాను. తొంభై ఐదోది మిషను మీద ఉంది, ఎవరూ కదపకండి."

గది తలుపు మూసుకుంది. గడియ వేసిన చప్పుడు రాలేదు. ఆమె ఎప్పుడూ వేసుకోదు. నొప్పి ఉన్నా వేసుకోదు, లేకపోయినా వేసుకోదు. దాన్నిబట్టీ ఏమీ తెలియలేదు.

భార్య డైరీ తెరిచింది. పేజీ చూసింది. మూసి, ఛాతీకి ఆనించి పట్టుకుంది.

"ఏముంది?"

"చూపించొద్దన్నారు."

"చూపించొద్దు. చెప్పు. నిండిందా, ఖాళీయా?"

భార్య అతని మొహం వైపు చూడకుండా వంటింటి వైపు నడిచింది.

"పాలు పొంగిపోతున్నట్టున్నాయి," అంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ ఇంట్లో పొయ్యి ఎవరూ వెలిగించలేదు.